అందరం ఒకచోట ఉందామే!

కిందటి నెల మా డిగ్రీ స్నేహితురాలి కూతురి పెళ్ళికి నలుగురం గుంటూరు వెళ్ళాం. పెళ్ళయిపోయి, భోజనాలయిపోయి, విడిదింట్లో చాపలు పరుచుకుని కూర్చున్నాక ఎప్పుడూ వచ్చే కబురే మళ్ళీ వచ్చింది. "పిల్లలంతా ఎగిరిపోయాక మనం పక్కపక్కనే ఇళ్ళు కట్టుకుందామే. వంట ఒకచోటే. ఒకళ్ళకి జ్వరమొస్తే ఇంకొకళ్ళు చారు కాచి పోస్తారు." ఈ మాట మేం ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నాం. ఇది చదివేవాళ్ళలో కూడా చాలామంది ఎవరో ఒకరితో అనుకునే ఉంటారు. అనుకుని, నవ్వుకుని, ఎవరి రైలు వాళ్ళు ఎక్కేస్తాం.

ఈసారి మాత్రం ఒకతె నవ్వలేదు. తన భర్త పోయి ఆరేళ్ళయింది. చిన్న ప్రైవేటు బళ్ళో టీచరు. అద్దె ఇల్లు. "మీ ముగ్గురికీ అమ్ముకోవడానికి ఫ్లాట్లున్నాయి. నేను దేంతో కట్టుకోవాలే?" అంది. "నువ్వు రా చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాం. ఆ మాటలో పస లేదని మాకూ తెలుసు, తనకీ తెలుసు. స్నేహితురాలి ఇంట్లో స్నేహితురాలు దయ మీద ఉండడం ఎలా ఉంటుందో మన ఇళ్ళల్లో వితంతు మేనత్తల్ని చూసిన ఎవరికైనా చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇలా కలిసి కట్టుకున్నవాళ్ళు ప్రపంచంలో ఎక్కడో ఉండే ఉంటారు కదా, వాళ్ళలో డబ్బు లేనివాళ్ళు ఏం చేశారు అని వెతకడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు మా అత్తగారు పడుకున్నాక ఒక గంట, రాత్రి గిన్నెలయ్యాక ఒక గంట. తెలుగు బీఏ చదివినదాన్ని, లెక్కలు నాకు కొంచెం దూరం. అయినా ఈ లెక్క అర్థమయింది. ఈ కథ మొదలయింది ఒక ఇల్లాలి విసుగుతో.

ఆవిడ పేరు మెలుసీనా ఫే పియర్స్. అమెరికాలో బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో ఉండేది. భర్త ఛార్లెస్ పియర్స్ తర్వాత్తర్వాత పెద్ద తత్వవేత్తగా పేరు తెచ్చుకున్నాడు. ఆయన తత్వం ఆలోచిస్తుంటే ఈవిడ ఇల్లు ఊడుస్తూ ఆలోచించింది. 1868లో ఒక పత్రికలో వరసగా వ్యాసాలు రాసింది. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒక్కొక్క ఆడది ఒక్కొక్క పొయ్యి ముందు నిలబడి అదే వంట, అదే చాకిరేవు ఎందుకు చేయాలి? కొన్ని కుటుంబాల ఆడవాళ్ళు కలిసి ఒక వంటశాల, ఒక బట్టలుతికే చోటు, ఒక కొట్టు పెట్టుకుంటే పోదా? అక్కడితో ఆగలేదు. ఆ వంటకీ ఉతుకుడికీ మొగుళ్ళ దగ్గర బజారు ధర వసూలు చేయాలంది! 1868లో! నేను ఇది చదివి మా ఆయనకి చెబితే, "మరి ఇంటద్దె నీ దగ్గర నేను వసూలు చేయాలా?" అన్నారు. సరే, ఆ గొడవ తర్వాత.

పియర్స్ మాటలతో సరిపెట్టలేదు. మరుసటి ఏడాదే ఊళ్ళో సంఘం పెట్టి, ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, చాకిరేవూ కిరాణా కొట్టూ నడిపింది. 1871కల్లా మూతపడింది. చేరినవాళ్ళలో నిజంగా వాడుకున్నవాళ్ళు తక్కువ. భర్తల అడ్డు ఎక్కువ. వేరే మగాళ్ళ సుఖం కోసం నా భార్య పని చేయడమేమిటి అన్న మొగుడు కూడా ఉన్నాడట అందులో. తర్వాత ఆవిడ వంటిళ్ళు లేని ఇళ్ళు, మధ్యలో అందరికీ ఒక వంటశాల ఉండే వాడల గురించి ఆలోచించింది. ఇక్కడ ఒక సంగతి గమనించాను. పియర్స్ ఆలోచనలో ఆ వంటశాలలో చెమటోడ్చేది జీతానికి పెట్టుకున్న ఆడవాళ్ళు. అంటే కలిసి బతకడం అనే ఈ ఆలోచన పుట్టుకతోనే కాస్త కలిగిన ఇంటి ఆడపిల్ల.

తర్వాత మజిలీ స్వీడన్. 1935లో స్టాక్‌హోమ్‌లో ఆల్వా మిర్డాల్ (ఈవిడకే 1982లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది) ఆలోచనతో, స్వెన్ మార్కెలియస్ అనే వాస్తుశిల్పి గీతతో ఒక కట్టడం లేచింది. 57 చిన్న ఫ్లాట్లు, కింద హోటలు లాంటి వంటశాల, పిల్లల్ని చూసుకునే బడి. పైనున్న ఫ్లాట్లకి భోజనం పంపడానికి చిన్న చిన్న లిఫ్టులు. ఉద్యోగం చేసే తల్లి సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేడివేడి భోజనం గోడలోంచి పైకి వచ్చేస్తుంది! ఆ మాట చదివినప్పుడు నేను కాసేపు కళ్ళు మూసుకుని ఆ లిఫ్టునే ఊహించుకున్నానంటే నమ్మండి. కానీ అందులో చేరిందెవరు? ఫ్యాక్టరీ పని చేసే ఆడవాళ్ళు కాదు. చదువుకున్న, మంచి జీతాలొచ్చే కుటుంబాలు. పని వేరేవాళ్ళ చేత చేయించుకుంటే ఆ జీతాలన్నీ ఇంటి ఖర్చులోనే కలుస్తాయి కదా.

ఇప్పుడు మనం అనుకునే పద్ధతి, అంటే ఎవరి ఇల్లు వాళ్ళకి వంటిల్లుతో సహా ఉంటూ, మధ్యలో అందరికీ ఉమ్మడి ఇల్లు ఒకటి ఉండడం, డెన్మార్క్‌లో పుట్టింది. యాన్ గుడ్‌మండ్ హోయర్ అనే వాస్తుశిల్పి 1964లో కొందరు మిత్రుల్ని కూడగట్టి కోపెన్‌హాగన్ శివార్లలో స్థలం కొన్నాడు. డజను ఇళ్ళు, మధ్యలో ఉమ్మడి ఇల్లు అని ప్లాను. చుట్టుపక్కలవాళ్ళు ఒప్పుకోలేదు. అంతమంది పిల్లలొస్తే గోల భరించలేమన్నారు. అది అక్కడితో పోయింది. 1967లో బోదిల్ గ్రో అనే రచయిత్రి పోలిటికెన్ అనే దినపత్రికలో ఒక వ్యాసం రాసింది. పిల్లలకి వందమంది తల్లిదండ్రులుండాలి అని దాని పేరు. ఈవిడకి వచ్చిన జనం, ఆయన దగ్గరున్న జనం కలిశారు. 1972లో సెట్టెడామ్మెన్ అనే చోట 27 కుటుంబాలు, మరుసటేడు స్క్రోప్లానెట్‌లో 33 ఇళ్ళు. ఇవీ మొదటివి.

వందమంది తల్లిదండ్రులు అన్న మాట మనకి కొత్తగా ఏమీ అనిపించదు. మా అమ్మమ్మగారి మండువా లోగిట్లో ఎవరి పిల్లాడు ఎవరి విస్తరి ముందు కూర్చున్నాడో ఎవరూ చూసేవారు కాదు. తేడా ఒక్కటే. అక్కడ ఎవరితో కలిసి ఉండాలో కోడళ్ళని ఎవరూ అడగలేదు. వీళ్ళు ఎంచుకుని కలిశారు.

ఎంచుకుని కలవడానికి మాత్రం డబ్బు కావాలి. మొదట్లో ఇవన్నీ సొంత ఇళ్ళే. స్థలం వీళ్ళే కొనాలి, బ్యాంకుని వీళ్ళే ఒప్పించాలి. ఇలాంటిది ఎన్నడూ చూడని బ్యాంకులు సులువుగా ఒప్పుకుంటాయా? చేరినవాళ్ళు ఎక్కువమంది టీచర్లు, ఇంజనీర్లు, ఉద్యోగస్తులు, చాలా ఇళ్ళల్లో రెండు జీతాలు. పిల్లలకి వందమంది తల్లిదండ్రులు దొరికారు గానీ ఆ వందమందికీ జీతాలు బాగానే ఉన్నాయన్నమాట.

అసలు కలిసి కట్టుకుంటే చవక కావాలి కదా, ఎందుకు కాలేదు? నాకూ మొదట ఇదే అనుమానం. పెళ్ళికి మూకుడు చారు కాచినట్టు, పదిమందికి కలిపి చేస్తే ఖర్చు తగ్గాలి. రోజువారీ ఖర్చు తగ్గుతుంది, నిజమే. అందరికీ కలిపి ఉతికే మిషన్లు రెండో మూడో చాలు. చుట్టాలొస్తే దించడానికి ప్రతి ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంచుకోనక్కర్లేదు. డ్రిల్లింగు మిషను, నిచ్చెన, పెద్ద గుండిగలు ఒక్కొక్కటి చాలు. కానీ కట్టేటప్పుడు ఖర్చు పెరుగుతుంది. ఎవరి వంటిల్లు వాళ్ళకి ఉంది, ఆ పైన పెద్ద ఉమ్మడి వంటిల్లు, భోజనశాల. దాని ఖర్చు అందరి మీదా పడుతుంది. పాతిక కుటుంబాలు కూర్చుని గోడ ఎక్కడుండాలో తేల్చేలోపు స్థలం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పెద్ద బిల్డరు ఒకే నమూనాలో మూడొందల ఫ్లాట్లు లేపినంత చవగ్గా పాతిక ఇళ్ళు కట్టడం కుదరదు. అన్నిటికన్నా పెద్దది, ఊరికి దగ్గరగా ఉన్న భూమి ధర. అది మంచి మనుషులని తగ్గించి ఇవ్వదు.

ఇంకో చిక్కు తర్వాత బయటపడుతుంది. మొదట కట్టుకున్నవాళ్ళు కిందామీదా పడి ఓ ధరలో కట్టుకున్నారనుకోండి. ఇరవై ఏళ్ళకి ఆ చోటు బాగుందని పేరొస్తుంది. ఒకళ్ళు వెళ్ళిపోతూ ఇల్లు బజారు ధరకి అమ్ముతారు. కొనేది ఎవరు? ఆ ధర పెట్టగలిగినవాళ్ళు. అందరూ కలిసి పెంచిన పొత్తు విలువ అమ్మినవాళ్ళ జేబులోకి పోతుంది. వాళ్ళని తప్పుబట్టడానికి లేదు, నేనైనా అదే చేస్తాను. మన దగ్గర హౌసింగ్ సొసైటీలు చూడండి. సహకార సంఘమనే పేరుతో స్థలం పంచుకుని, ఎవరి ప్రహరీ వాళ్ళు లేపుకుని, ఇప్పుడు ఆ గజం ధర చెబితే గుండె ఆగుతుంది.

దీనికి డెన్మార్క్‌లోనే విరుగుడు ఆలోచించారు. 1970ల మొదట్లో ఆ దేశపు భవన పరిశోధన సంస్థ ఒక పోటీ పెట్టింది. వాండ్‌కున్‌స్టెన్ అనే వాస్తుశిల్పుల బృందం గెలిచింది. వాళ్ళ గీత 1978కల్లా హెర్‌ఫోల్గె అనే ఊళ్ళో టింగ్‌గోర్డెన్‌గా లేచింది. దాదాపు 80 ఇళ్ళు, అన్నీ అద్దెవి. ఇళ్ళు గుంపులు గుంపులుగా, ప్రతి గుంపుకీ ఒక ఉమ్మడి ఇల్లు. ఆ ఉమ్మడి ఇంటికి డబ్బెక్కడిది? ప్రతి ఇంటి వైశాల్యంలో పదో వంతు తగ్గించి, ఆ తగ్గించినదంతా కలిపి కట్టారు. అద్దె మామూలు ఇంటికి కట్టేదే కడతావు, నీ ఇల్లు కొంచెం చిన్నది, నీకు దక్కే చోటు మాత్రం చాలా పెద్దది. ఈ లెక్క చూడగానే నాకు పండక్కి గుప్పెడు గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టే మా అమ్మ గుర్తొచ్చింది.

1981లో ఇంకో అడుగు. డెన్మార్క్ చట్టం సహకార గృహసంఘాలకి ప్రభుత్వం ఆసరాతో అప్పు దొరికే ఏర్పాటు చేసింది. ఇల్లు మనిషిది కాదు, సంఘానిది. మనిషి వాటా కొనుక్కుని ఉంటాడు, ముందుగా కట్టాల్సిన సొమ్ము చిన్నది. వెళ్ళిపోయేటప్పుడు ఆ వాటాని తోచిన ధరకి అమ్ముకోవడానికి లేదు, దానికో పరిమితి ఉంది. ఆ తర్వాత ఆ దేశంలో వచ్చిన ఇలాంటి వాడలు చాలా మటుకు ఈ దారినే వచ్చాయి. ఒంటరి తల్లులు, ఒక్క జీతంవాళ్ళు చేరగలిగింది అప్పుడే. మంచి మనసులు పదిహేనేళ్ళు చేయలేనిది ఒక చట్టం చేసింది.

స్వీడన్‌లో ఆడవాళ్ళు ఇంకోలా సాధించారు, ఈ భాగం నాకు బాగా నచ్చింది. 1970ల చివర కొందరు మహిళలు, ఎక్కువమంది వాస్తుశిల్పులూ రచయితలూ పాత్రికేయులూ, బిగ్ అనే పేరుతో ఒక బృందంగా కూడారు. "కలిసి బతకడం" అనే అర్థమొచ్చే స్వీడిష్ మాటల మొదటి అక్షరాలు అవి. వీళ్ళు మిర్డాల్ నాటి లిఫ్టు భోజనాన్ని వద్దన్నారు. జీతాలిచ్చి వండించుకుంటేనే కదా ఖరీదు? మనమే వంతులు వేసుకుని వండుకుందాం, మగవాళ్ళు కూడా, అన్నారు. చోటుకి మళ్ళీ అదే పదో వంతు లెక్క. ఒక్కో ఫ్లాటు పది శాతం చిన్నదయితే నలభై యాభై ఇళ్ళకి అదనపు ఖర్చు లేకుండా పెద్ద వంటిల్లూ భోజనశాలా వచ్చేస్తాయని చూపించారు. కట్టమని నగరపాలక గృహసంస్థల్ని అడిగారు. అందుకే అక్కడ ఇలాంటివి చాలావరకు అద్దె ఇళ్ళే.

అలా వచ్చినవాటిలో ఒకటి స్టాక్‌హోమ్‌లోని ఫార్డ్‌క్నెప్పెన్, 1993 నాటిది. పిల్లలు ఎగిరిపోయినవాళ్ళ కోసమే, నలభై దాటినవాళ్ళ కోసం. 43 ఫ్లాట్లు. కట్టడం నగరపాలక గృహసంస్థది, ఉండేవాళ్ళు అద్దె కడతారు. వారంలో పనిరోజుల సాయంత్రాలు కలిసి భోజనం, వంట వంతులవారీగా. శుభ్రం చేసుకోవడం లాంటి పనులు కూడా వాళ్ళే చూసుకుంటారు. ఆ పేరుకి అర్థమేమిటో తెలుసా? ప్రయాణానికి బయల్దేరే ముందు తాగే ఆఖరి గుక్క! ముసలితనానికి ఇంత సరదా పేరు పెట్టుకున్నవాళ్ళతో భోజనం బాగానే ఉంటుందనుకుంటాను.

ఈ ఆలోచన ఇంగ్లీషు ప్రపంచంలోకి వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. కాథరిన్ మెక్‌కామంట్, ఛార్లెస్ డ్యూరెట్ అనే అమెరికన్ దంపతులు డెన్మార్క్ వెళ్ళి చూసి 1988లో పుస్తకం రాశారు. కోహౌసింగ్ అన్న మాట వాళ్ళదే. 1991లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో 26 ఇళ్ళతో మ్యూర్ కామన్స్ అక్కడి మొదటిది. పుస్తకంతో పాటు ఉమ్మడి ఇంటి ప్లాను సముద్రం దాటింది, చట్టం దాటలేదు. అమెరికాలో ఇవి ఎక్కువగా మన అపార్ట్‌మెంట్లలా ఎవరిది వాళ్ళు కొనుక్కునేవే. కొనగలిగినవాళ్ళే చేరతారు.

బ్రిటన్‌లో లీడ్స్ ఊరివాళ్ళు ఈ ముడిని ఇంకోలా విప్పారు. లీలాక్ అని దాని పేరు. 2013లో 20 ఇళ్ళు, గోడల్లో గడ్డి మోపులు కూరి కట్టినవి. ఇళ్ళన్నీ సంఘానివి. అందులో ఉండేవాళ్ళు నెలనెలా కట్టేది, చేతికొచ్చే ఆదాయంలో 35 శాతం. అంటే ఒకే రకం ఇంట్లో ఉన్నా ఎక్కువ సంపాదించేది ఎక్కువ కడుతుంది, తక్కువ సంపాదించేది తక్కువ. కట్టినదానికి తగ్గట్టు సంఘంలో వాటాలు వస్తాయి. వెళ్ళిపోయేటప్పుడు ఆ వాటాల విలువ ఇళ్ళ ధరల్ని బట్టి కాదు, దేశంలో జీతాలు పెరిగిన తీరుని బట్టి కడతారు. కాగితం మీద రెండుసార్లు గీసి చూసుకుంటే గానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎంత న్యాయంగా ఉందో అనిపించింది. కానీ ఇక్కడా ఒక గడప ఉంది. మొత్తం అప్పు తీరాలి కాబట్టి, ఒక్కో సైజు ఇంటికి ఇంత కనీస ఆదాయం ఉండాలని నియమం. అస్సలు లేనివాళ్ళకి లీలాక్ కూడా తలుపు తీయలేదు.

తీసినవాళ్ళు లండన్ ముసలమ్మలు. నేను వెతికినదానికి దగ్గరగా వచ్చింది ఇదే.

1998లో మరియా బ్రెంటన్ అనే పరిశోధకురాలు నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్ళు ఇలా కలిసి ఉండడం గురించి ఒక సభలో చెప్పింది. విన్న ఆడవాళ్ళు కొందరు మనమూ ఉందాం అనుకున్నారు. అచ్చం విడిదింట్లో మాలాగే. యాభై దాటిన ఆడవాళ్ళకి మాత్రమే అని పెట్టుకున్నారు. స్థలం దొరక్క, దొరికినా అనుమతి రాక, డబ్బు పెట్టేవాళ్ళు వెనక్కి తగ్గి, ఇల్లు చేతికొచ్చేసరికి 2016 అయింది. పద్దెనిమిదేళ్ళు! మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది అక్కడిదాకా రాలేదు. లండన్ ఉత్తరాన హై బార్నెట్‌లో, ఒకప్పటి కాన్వెంటు స్థలంలో, న్యూ గ్రౌండ్ అని పేరు. హానోవర్ అనే గృహసంఘం కట్టించింది. మొత్తం 25 ఫ్లాట్లు. అందులో 17 కొనుక్కున్నవి.

మిగతా 8 తక్కువ అద్దెవి. కొనలేని ఆడవాళ్ళ కోసం మొదటినుంచీ పట్టుబట్టి పెట్టించుకున్నవి. ట్యూడర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ ఆ ఎనిమిదింటికీ డబ్బిచ్చింది. వాటి వ్యవహారం చూసేది ఆడవాళ్ళ ఇళ్ళ కోసమే పనిచేసే ఇంకో సంఘం. అద్దె కట్టేది ఆ సంఘానికి, పొరుగావిడకి కాదు. తోట పనిలో, మీటింగుల్లో, ఉమ్మడి గదిలో సొంతదారుకీ అద్దెదారుకీ తేడా లేదు.

ఆ ఎనిమిది ఫ్లాట్ల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పద్దెనిమిదేళ్ళు పట్టిన పనిలో, ఆ ఎనిమిదీ వదిలేసుంటే ఎంత సులువయ్యేదో! అందరూ కొనగలిగినవాళ్ళే అయితే ధర్మసంస్థని బతిమాలక్కర్లేదు, ఇంకో సంఘాన్ని వెతకక్కర్లేదు. వాళ్ళలోనూ ఎవరో ఒకరు మా టీచరమ్మలా "నేను దేంతో కట్టుకోవాలే?" అని అడిగే ఉంటారు. వాళ్ళు "నువ్వు రా చాలు" అని ఊరుకోలేదు.

నిన్న మధ్యాహ్నం తనకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. డెన్మార్క్ చట్టం దగ్గర ఆవలించింది. లీలాక్ దగ్గర మాత్రం, "నా జీతంలో 35 శాతమా? ఇప్పుడు అద్దెకే సగం పోతోందే" అంది. న్యూ గ్రౌండ్ సంగతి విన్నాక కాసేపు మాట్లాడలేదు.

"మనకి అలా డబ్బిచ్చే ధర్మసంస్థ ఎక్కడుందే?" అంది చివరికి.

"తెలీదు. వెతకాలి."

"పద్దెనిమిదేళ్ళంటే నాకు అరవై నాలుగొస్తాయి."

"నాకూ అంతేగా."

బెల్లు కొట్టినట్టున్నారు, పిల్లల గోల వినిపించింది. ఆదివారం మిగతా ఇద్దర్నీ కూడా లైన్లోకి తీసుకోమని చెప్పి పెట్టేసింది. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోమంది.